మలుపులో తీసిన ఫొటో

కారు కొండమలుపు తిరుగుతున్న క్షణంలోనే అన్న క్లిక్ మనిపించాడు. కార్ల పందేల ఫొటోలు తీయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. వెనక చెట్లన్నీ పచ్చటి గీతలైపోయాయి, దుమ్ము తోకలా లేచింది, కారు మాత్రం నిలబెట్టి తీసినంత స్పష్టంగా పడింది. మరుక్షణం అది రోడ్డు తప్పి లోయలోకి దొర్లింది. నడుపుతున్నది అతని తమ్ముడు.

ప్రాణం అక్కడికక్కడే పోయింది.

బ్రేకులు పడలేదని అందరూ అన్నారు. అన్న అందరికంటే గట్టిగా అన్నాడు. పోలీసులు మెకానిక్‌ను పట్టుకెళ్లారు.

వారం తిరక్కుండానే మరదలు స్టూడియోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఆ మెకానిక్ చేతులు పడిపోను! బావగారూ, ఆయన ఆఖరి ఫొటో ఇవ్వండి. గోడకు పెట్టుకుంటాను."

"వద్దమ్మా, చూసి తట్టుకోలేవు."

"చూడకపోతే మాత్రం తట్టుకుంటున్నానా?"

కాదనలేక కంప్యూటర్‌లో తెరిచాడు. మొహం పెద్దది చేయమంటే చేశాడు. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. తమ్ముడు నవ్వుతున్నాడు. కళ్లు రోడ్డు మీద లేవు, సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి.

తెర మీద ఆ చెంపను మరదలు వేలితో నిమిరింది.

"పొద్దున బయల్దేరుతూ నాతో అన్నారు బావగారూ, 'మలుపులో ఒక్కసారి నావైపు చూడరా, ఫొటో అదిరిపోతుందన్నాడు అన్నయ్య' అని. మీ మాట ఏనాడైనా కాదన్నారా ఆయన?"