ఉప్పలయ్య గడియారం

ఉప్పలయ్య మళ్లీ టైమ్ అయిపోయి ఓడిపోయాడు.

ఇది ఎన్నో ఓటమో ఆయన పట్టించుకున్నట్టు లేదు. పావులన్నీ తీరిగ్గా సర్దుతూ, ఇంకొకటి ఆడదామా అని అడిగాడు.

మౌనికకు ఒళ్లు మండింది.

మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం మీది గదిలో నడిచే చెస్ క్లబ్ అది. మనిషికి మూడు నిమిషాల ఆట. ఎవరి వంతులో వాళ్ల గడియారం నడుస్తుంది, ముందు ఎవరి టైమ్ అయిపోతే వాళ్లు ఓడినట్టు. అలాంటివి ఎన్ని ఆడితే అంత పదును వస్తుందని క్లబ్ నడిపే తిరుపతి నమ్మకం. మౌనికకూ అదే నమ్మకం.

రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడింది. వయసు ప్రకారం ఆమెకిదే ఆఖరి అవకాశం. చోటు వస్తే ఆట సాగుతుంది. రాకపోతే బోర్డు మూసేసి హైదరాబాద్‌లో బట్టల షాపు పనికి పోవాలని తండ్రి ప్రేమ్‌సింగ్ ముందే చెప్పేశాడు.

ఇలాంటప్పుడు తగిలాడు ఈ ముసలాయన. భూపాలపల్లి నుంచి కూతురింటికి వచ్చాడట. దవాఖాన చుట్టూ తిరుగుతున్నాడట. అంతకుమించి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

ప్రతి ఆటా మొదట్లో బాగానే ఆడేవాడు. ఆట చిక్కుపడేసరికి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆయన గడియారం నడుస్తూనే ఉండేది.

"నా గడియారం నడుస్తుంటె జర చూడు బిడ్డా," అనేవాడు అప్పుడప్పుడు.

మౌనిక చూసేది. అంకెలు తగ్గి తగ్గి సున్నా కాగానే, గెలిచానని చెయ్యి చాపేది.

ఆ రోజు మాత్రం చాపలేదు.

"కాకా, నీకు ఫాస్ట్ ఆట రాదు. నా టైమ్ గూడ ఖరాబ్ అయితున్నది. వేరేటోళ్లతోని ఆడుకో."

ఉప్పలయ్య పావులు డబ్బాలో సర్దాడు. మంచిదని తలూపి మెట్లు దిగాడు. మళ్లీ రాలేదు. రాలేదేమని ఎవరూ అనుకోలేదు కూడా.

ఎంపిక పోటీ జనగామలో జరిగింది. అక్కడ మనిషికి గంటన్నర.

చివరి ఆట సుష్మితతో, గెలిస్తేనే జట్టులో చోటు. ఆ అమ్మాయి ఒక్కో ఎత్తుకు తల పట్టుకుని ఆలోచిస్తోంది. మౌనిక ఆమె గడియారంలో అంకెలు తగ్గడం చూస్తూ కూర్చుంది. తన వంతు రాగానే టక్కున ఆడేసింది. అలా ఆడుతూనే మంత్రిని పోగొట్టుకుంది.

ఓడిపోయేసరికి మౌనిక గడియారంలో గంటకు పైగానే మిగిలి ఉంది. ఇక ఆ గంటను ఏం చేసుకోవాలి?

బయట మెట్ల మీద ఏడుస్తుంటే, సుష్మితకు ఆట నేర్పిన కరుణాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏ ఊరని అడిగాడు. చెప్పింది.

"మా ఉప్పలయ్య సార్ ఆడనే ఉండె, బిడ్డ ఇంట్ల. పోయిన నెల చనిపోయిండు. నాకు ఆట నేర్పింది ఆయననే."

మౌనిక కళ్లు తుడుచుకుంది. ఆయనతో తానూ ఆడానంది. పాపం ఫాస్ట్ ఆట రాదు కదా, ప్రతిసారీ టైమ్ అయిపోయి ఓడిపోయేవాడంది.

కరుణాకర్ ఆమెను వింతగా చూశాడు.

"ఫాస్ట్ ఆటల ఆయనను ఓడగొట్టినోణ్ణి నేను చూడలే. మంచిగ ఆడుతరని అనిపించిన పిల్లలతోనే గట్ల కూసునేటోడు. తన టైమ్ నడుస్తుంటె వాళ్లు బోర్డు చూసి ఆలోచన చెయ్యాలెనని."

ఆ మనిషి తన దగ్గర మిగిలిన కాస్త టైమ్‌నూ మౌనికకే ఇస్తే, అది సున్నా అయ్యేదాకా చూస్తూ కూర్చుంది ఆమె.