పద్నాలుగో నంబరు డబ్బా

ఆస్పత్రివాళ్ళు నూకరాజు భార్యకి పిండిమాత్రలు ఇచ్చి చంపారు. తొమ్మిదేళ్ళుగా నూకరాజు చెబుతున్నది ఇదే. ఊళ్ళో ఎవరూ కాదనలేదు. కాదనేంతసేపు అతని అరుగు మీద కూర్చునేవాళ్ళూ లేరు.

"పద్నాలుగో నంబరు. రాసుకో," అన్నాడు, చిరిగిన వల మీంచి తలెత్తకుండానే.

ప్రియాంక రాసుకుంది. ఆమె హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. రోగుల మీద కొత్త మందులు పరీక్షించేటప్పుడు వాళ్ళకి నిజం చెబుతున్నారా లేదా అన్నది ఆమె అంశం. బందరులోని ఒక ఆస్పత్రిలో పదేళ్ళ కిందట జరిగిన కేన్సరు మాత్రల పరీక్షలో పేర్లున్న ఇళ్ళన్నీ తిరుగుతూ, నాగాయలంకలో బస్సు దిగి, ఆటోలో ఈ పల్లెకి వచ్చింది. ఏ నంబరుకి ఏ మాత్రలు వెళ్ళాయో చెప్పే జాబితా ఇన్నాళ్ళకి బయటపడింది. అది ఆమె సంచిలో ఉంది.

"కాగితం తెచ్చావంటగా. తియ్యి."

"తీస్తాను బాబాయిగారూ. ముందు నా ప్రశ్నలు. అది చూశాక జవాబులు మారిపోతాయి."

"నా జవాబు మారదు. పద్నాలుగుకి పిండి అని అందులో ఉంటది. ఆ ముక్క నా చెవిన పడితే చాలు. తర్వాత పోయినా ఫర్లేదు."

"వేలిముద్ర వేయించుకునే ముందు, సగంమందికి ఉత్త పిండే ఇస్తామని చెప్పారా?"

"చెప్పారు. ఎవరికేదో మాకూ తెలీదన్నారు. ఆపరేషను కుట్లు మానని మనిషికి ఏం ఎక్కుద్దమ్మా? వేలు చాపింది, వేయించుకున్నారు. చెప్పి చేస్తే తప్పు కాదా?"

ప్రియాంక ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. "మీకు అర్థమైందా?"

"అయిదు దాకా చదివా. సగమంటే ఎంతో తెలుసు."

పక్కింటి గోడ దగ్గర గాజులు గలగలమన్నాయి. సుబ్బరత్నమ్మ మూతపెట్టిన గిన్నెతో వచ్చింది.

"అన్నయ్యా, పండుగప్ప పులుసు. వేడిగా ఉంది." గిన్నె అరుగు మీద పెట్టి ప్రియాంకని చూసింది. "ఆ మాత్రల సంగతేనా? నాదీ మా సత్యవతమ్మ వదిన జబ్బేనమ్మా. ఒకే నెల్లో ఆపరేషన్లు. నాది పదిహేనో నంబరు. మా ఆయన వేటకెళ్తే ఎప్పుడొస్తాడో తెలీదు. నెలనెలా బందరెళ్ళి నాక్కూడా డబ్బా తెచ్చిచ్చింది ఈయనే. రెండో డబ్బా నుంచి పేగులు బయటికొచ్చేట్టు కక్కేదాన్ని. అయినా అన్నయ్య అంత దూరం వెళ్ళి తెచ్చాడని మింగా. ఈ ప్రాణం ఆయన పెట్టిందే. రాసుకో."

"రాసుకోకు," అన్నాడు నూకరాజు.

"చూశావా! తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. నేనంటే గిట్టదు. గిన్నె కడిగి గోడ మీద పెడతాడు. పులుసు మాత్రం పిల్లికి. ఆ పిల్లి చూడు, ఎట్టా ఒళ్ళు చేసిందో!"

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నూకరాజు నవ్వలేదు.

"సత్యవతమ్మగారికి మాత్రలు పడ్డాయా?"

"మొదటి నెల గంజి కూడా నిలవలా. ఇక్కడ ఇది కక్కుతుంటే, అక్కడ ఆవిడ చేపలు వేయించుకు తినేది. మంచి మందైతే అట్టా చేస్తదా? అప్పుడే తేలిపోయింది, మాకు పడింది పిండని."

"తర్వాత?"

"తేరుకుంది. అన్నం తింది. జడేసుకుని రేవు దాకా నడిచింది కూడా." అతని చెయ్యి వల మీద ఆగింది. "ఏడాది తిరక్కుండా పోయింది."

"మాత్రలు ఎప్పుడైనా మానేశారా? దారిలో ఎక్కడైనా వేరేవాళ్ళ చేతిలో పెట్టారా?"

"నా చేత్తో వేశా, ఒక్క పూట మానలా. చల్లపల్లిలో బస్సు అరగంట ఆగేది. అందరూ టీకి దిగేవాళ్ళు. నేను రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని సీట్లోనే కూర్చునేవాణ్ణి. ఇంకొకళ్ళ చెయ్యి పడలా. ఇక చదువు."

ప్రియాంక కాగితం మడత విప్పింది. నూకరాజు వల పక్కన పడేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. బడిలో ఫలితాలు చదివే రోజున కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"పద్నాలుగు..." ఆమె వేలు ఆగింది. "అసలు మందేనండీ."

"సరిగ్గా చూడు."

"చూశాను. అసలు మందే."

"పదిహేను?"

"పిండి."

పిల్లి వచ్చి గిన్నె చుట్టూ తిరిగింది.

"బాధపడకండి బాబాయిగారూ. వాళ్ళు ఆవిడకి అన్యాయం చెయ్యలేదు. అసలు మందే ఇచ్చారు. ఆ మందుకి వాంతులు మామూలే." ఆమె తన పుస్తకంలో వెనక్కి ఒక పేజీ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. "కానీ పిండి మింగిన సుబ్బరత్నమ్మగారికి వాంతులేమిటి? రెండో నెలలో ఏం జరిగిందో ఇంకొక్కసారి చెబుతారా?"

నూకరాజు లేచాడు. పుస్తకం మూసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆటో పోతుందమ్మా, బయల్దేరు. ఈ మాట ఇక నా నోట రాదు. నీతో కాదు, ఎవరితోనూ కాదు. నేను పోయేదాకా."

ఆటో చప్పుడు కరకట్ట దాటాక అతను గిన్నె మూత తీశాడు. పిల్లిని అదిలించాడు. అన్నం లేకుండానే ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఉప్పు సరిపోయిందా?" గోడ అవతల్నుంచి సుబ్బరత్నమ్మ కేకేసింది.

అతను ఇంకో ముక్క తీసుకున్నాడు.

రెండో నెల నుంచి, చల్లపల్లిలో, ఆ రెండు డబ్బాల్లో మాత్రలు అటువి ఇటు, ఇటువి అటు మార్చింది అతనే.