చివరి వరస పెద్దాయన

“చేతులు పైకి... మెల్లగా ఊపిరి తీసుకోండి... ఇక వదలండి.”

హాల్లో అందరి చేతులూ దిగాయి. చివరి వరసలో ఒక జత మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

కుర్ర ఉద్యోగులు పకపకా నవ్వారు.

“నా చేతులకి చెవుడు నాయనా!” అన్నాడు పెద్దాయన. నవ్వు రెట్టింపయింది.

వెల్‌నెస్ మేడమ్‌కి ఒళ్ళు మండింది.

ఆ ఆఫీసులో ఆమె కొత్త. రోజూ పొద్దున్నే ఉద్యోగులచేత వ్యాయామం చేయించడం, కాసేపు కళ్ళు మూయించి కూర్చోబెట్టడం, దిగులుగా ఉన్నవాళ్ళతో మాట్లాడటం ఆమె పని. ఈ కార్యక్రమం మొదలయ్యాక సెలవులు పెట్టేవాళ్ళు తగ్గారు, మానేసి పోయేవాళ్ళూ తగ్గారు. తామూ పెట్టుకుందామని వేరే కంపెనీల యజమానులు చూడ్డానికొస్తున్నారు.

ఇలాంటి చోట ఈయనెవరు? ఉద్యోగి కాదు. నలిగిన చొక్కాతో వచ్చి కూర్చుంటాడు. అంతా అయ్యాక ఒక్కొక్కరినీ ఆపి ఆరా తీస్తాడు.

“రాత్రి నిద్రపోయావా నాయనా?”

“ఏం తల్లీ, మొహం అలా పీక్కుపోయింది? తిన్నావా?”

ఆమె వాచ్‌మన్‌ని అడిగింది. “ఎవరయ్యా ఆయన?”

“తెలీదు మేడమ్. నేను చేరకముందు నుంచే వస్తున్నారు.”

అతిథులొచ్చే ముందు రోజు ఆమే గుమ్మంలో నిలబడింది.

“పెద్దాయనా, ఇది స్టాఫ్‌కి మాత్రమే. ఇక రాకండి.”

“ఓ మూల కూర్చుంటానమ్మా. చేతులు కూడా ఎత్తను.”

“రేపు పెద్దవాళ్ళొస్తున్నారు. మళ్ళీ చెప్పించుకోకండి.”

ఆయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. పిల్లలు కబుర్లాడుతూ చాపలు పరుచుకుంటున్నారు.

“సరే తల్లీ. వీళ్ళచేత మాత్రం ఇది మాన్పించకు.”

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అంతా అనుకున్నట్టే జరిగింది. అతిథులు ఆమెను తెగ మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన ఈ ఆఫీసు యజమానిని అడిగాడు.

“అసలు ఇలాంటిది పెట్టాలని మీకెలా తట్టింది?”

యజమాని చివరి వరస వైపు చూశాడు. “పెద్దాయన రాలేదే?”

“నేనే రావద్దన్నాను సార్,” అంది ఆమె హుషారుగా.

యజమాని మొహం పాలిపోయింది.

“ఎంత పని చేశావమ్మా! వెనక వీధిలోనే ఇల్లు. ముందు వెళ్ళి తీసుకురా.”

ఆమె వెళ్ళేసరికి తలుపుకి తాళం ఉంది. పక్కింటావిడ బయటికొచ్చింది.

“పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోయారమ్మా. ఎక్కడికో చెప్పలేదు. పిల్లలు బాగానే ఉన్నారు, నాకిక ఇక్కడ పనిలేదన్నారు.”

“ఎవరి పిల్లలు?”

ఆవిడ ఆమెను, మెళ్ళోని ఆఫీసు కార్డునీ ఎగాదిగా చూసింది.

“ఆయనకున్నది ఒక్కడే కొడుకు కదమ్మా! వాడు మీ ఆఫీసులోనే పని చేస్తూ చేస్తూ బల్లమీద తల వాల్చి మళ్ళీ లేవలేదు, మీకోసం ఏం చేయమంటారని యజమాని ఈయన చేతులు పట్టుకుని అడిగితే, మిగతా పిల్లల్నైనా రోజూ కాసేపు కుర్చీల్లోంచి లేపండి బాబూ, అంతే చాలన్నారు.”