కుదుపుల్లేని దారి

“స్కూలుంది, నెమ్మది” అని తనకు తానే చెప్పుకుని పెద్దాయన వేగం తగ్గించాడు.

తెల్లారింది గానీ పొగమంచు విడవలేదు. చెయ్యి చాపితే వేళ్లు కనబడటం లేదు. వెనక పరుపు మీద కూతురు నొప్పులు పడుతోంది. కాన్పుకి ఇంకా టైముందన్నారు డాక్టర్లు. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నొప్పులు మొదలైతే ఒక్క క్షణం కూడా ఇంట్లో ఉంచొద్దనీ కూడా వాళ్లే అన్నారు.

“ఆ స్కూల్లో ఇప్పుడెవరున్నారని! పోనివ్వండి” అంది ఆయన భార్య, కూతురి తల ఒళ్లో పెట్టుకుని.

“అలవాటు” అన్నాడాయన. స్కూలు దాటాక మళ్లీ వేగం పెంచాడు.

ఈ పాత హైవే మీద బస్సు నడిపి నడిపే ఆయన రిటైరయ్యాడు. ఏ మలుపులో ఏ బోర్డుందో, ఏ బోర్డు మీద ఏ అక్షరం రాలిపోయిందో ఆయనకి తెలుసు. పక్కన కూర్చున్న అల్లుడికి మాత్రం నమ్మకం కుదరడం లేదు. అల్లుడు ఈ ప్రాంతంవాడు కాదు. పైగా కళ్లజోళ్ల షాపులో పని. కంటికి కనబడనిది నమ్మడు.

“మావయ్యా, కొత్త రోడ్డునే పోవాల్సింది. అంబులెన్సువాడు వస్తానన్నాడు కదా!”

“వాడు కొండ చుట్టూ తిరిగి మనింటికొచ్చి, మళ్లీ కొండ చుట్టూ తిరిగి ఆస్పత్రికి పోయేసరికి నీ బిడ్డ నడుచుకుంటూ ఎదురొస్తాడు.”

“కొత్త రోడ్డంతా గుంతలు నాయనా” అంది అత్తగారు. “ఇక్కడ చూడు, ఒక్క కుదుపుంటే ఒట్టు.”

అది మాత్రం నిజమే. అయినా అల్లుడు ఊరుకోలేదు.

“ఇప్పుడెక్కడున్నాం?”

“రైల్వే గేటు.”

“గేటు పడుందా, లేచుందా?”

“లేచుంది.”

“సరిగ్గా తెలుసా?”

“తెలుసు.”

అల్లుడు వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూశాడు.

“నాతో కాపురం కూడా ఇలాగే చేశారు” అందావిడ. “ఒక్కో మాటే.”

“మరి ఎదురుగా ఎవరైనా వస్తే?”

“హారన్ కొట్టు. ఈ మంచులో బయల్దేరిన పిచ్చివాడు ఇంకొకడుంటే వింటాడు.”

అల్లుడు ఆ తర్వాత హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

“నాన్నా, ఆ మోత ఆపమను” అంది కూతురు మూలుగుతూ. “నొప్పులు నాకా, ఆయనకా?”

ఎడమ పక్క మంచులోంచి నీళ్ల ట్యాంకు నెత్తి ఒక్కటీ బయటపడింది. దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ వీళ్లని తేరిపార చూసింది. మళ్లీ మంచు మూసేసింది.

“చూశావా, ట్యాంకు? దీని తర్వాత సినిమాహాలు. ఆ తర్వాత కూడలి. అక్కడ కుడికి తిరిగితే ఆస్పత్రి మిట్టకి ఎక్కుడు.”

“ఎడమకి తిరిగితే?”

“మార్కెట్ వీధి. అంతా తీగలు, రేకులు. ఇరుక్కుంటే ఇంక కదలం.”

“నేరుగా పోతే?”

“కోర్టు మేడ. గుద్దుకుంటాం.”

ఆ మాట అన్నాక పెద్దాయన మెడ ముందుకి చాచి చూశాడు. ఏమీ కనబడలేదు. తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు.

“ఆపారేంటండీ! పిల్ల ఇక్కడ...”

“నాన్నా, దారి తప్పావా?” అంది కూతురు పళ్ల బిగువున.

“లేదమ్మా. వింటున్నా. కాసేపు అరవకుండా ఉండగలవా?”

ఉంది. ఎంత కష్టంగా ఉందో ఆమె గోళ్లు దిగిన తల్లి చేతికి తెలుసు. అల్లుడు హారన్ ఆపి ఊపిరి కూడా బిగబట్టాడు.

గాలి వీచింది. దూరంగా ఎక్కడో సన్నగా ఊళ వినిపించింది. మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం. గాలి దాని మూతి మీంచి పోయినప్పుడల్లా అలాగే కూస్తుంది.

“కూడలి దగ్గర ఇది సరిగ్గా ఎడమ చెవిలో వినబడాలి” అన్నాడు పెద్దాయన. “ఇప్పుడు కాస్త వెనక నుంచి వస్తోంది. దాటొచ్చేశాం.”

ఇంజను వేసి వెనక్కి తీశాడు. అప్పుడే మంచు ఒక్కసారి చెదిరింది. కోర్టు మేడ పిట్టగోడ ఎదురుగా కనబడింది. ఇంకాస్త ముందుకి పోయుంటే ముక్కు బద్దలయ్యేది. అల్లుడు కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

“మీరు పోనివ్వండి మావయ్యా. నేనింక చూడను.”

కుడికి తిరిగాక పెద్దాయన వేగం సగానికి సగం తగ్గించాడు.

“ఇప్పుడు తగ్గిస్తారేంటండీ, ఇది విలవిల్లాడిపోతుంటే!”

“ఎక్కుడు కదే.”

కూతురు ఒక కేక పెట్టింది, ఇంకో కేక పెట్టింది. మూడోది పెట్టడానికి ఓపిక లేక తండ్రి చొక్కా కొస పట్టుకుంది. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో ఆమె పిడికిలి మూశాడు. వేగం మాత్రం పెంచలేదు.

“ఇంకెంత దూరం నాన్నా?”

“వచ్చేశాం తల్లీ. అదిగో బోర్డు.”

మంచులోంచి బోర్డు పై సగం కనబడింది. ఆస్పత్రి ఉంది, హారన్ కొట్టరాదు అని ఉండాలి దాని మీద. ‘ఆస్పత్రి’ వరకే కనబడింది. అయినా అల్లుడు హారన్ మీంచి చెయ్యి తీసేశాడు.

ఎక్కుడు చివర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఇద్దరు వార్డుబాయ్‌లు ఇంజను చప్పుడు విని “ఇటు, ఇటు!” అని కేకలు పెడుతున్నారు. వెనకే నర్సు కూడా పరుగెత్తుకొచ్చింది. “ఇంకా టైముంది, తొందరగా తీసుకురండి!” అని అరిచింది.

డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఆ హైవే మళ్లీ గాలి పీల్చే చోట, వార్డుబాయ్‌లిద్దరూ ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకుని నీళ్లలోకి దిగి, పడవని గట్టుకి లాగారు.