మేడ మీద టార్చి

ఓర్వకల్లు నుంచి కడపకు విమానంలో అరగంట. దారి ఆళ్లగడ్డ మీదుగానే. మొదటిసారి విమానమెక్కుతున్న యదునందన్, మేడెక్కి టార్చి ఊపమని తల్లికి ముందే చెప్పాడు. వీధంతా కరెంటు పోయిన ఆ అమావాస్య రాత్రి చూడామణి ఒంటరిగా ఊపింది. చప్పుడు దూరమయ్యాక టార్చి ఆర్పేసింది. కొడుకు క్షేమంగా దిగాడని తెలిసేదాకా కిందికి పోబుద్ధి కాలేదు.

ఫోన్ మోగింది.

"దిగినా మా."

"భయమేసిందా నాయనా?"

"ఏం లేదులే. నీ లైటు బాగా కనపడింది. ఎనకాలే ఇంకోటి ఊగుతాండె. పక్కింటోళ్లను గూడా పిల్చినావా ఏందీ?"

"ఎవురూ లేరు. నేనొక్కదాన్నే ఉండా."

చెప్పి ఆమె ఎదురుగా చూసింది. పిట్టగోడ మీద తన నీడ పడి ఉంది. అది మెల్లగా పెద్దదవుతోంది.