ఓబులక్క పొయ్యి కింద చుక్క

ఊరి కింది నీళ్లను లెక్కగట్టే కంప్యూటరు, తన అంచనా సరిచూసుకోవడానికి ఏడాదికోసారి ఊరి పటం మీద గుడ్డిగా పన్నెండు చుక్కలు పెడుతుంది. చుక్క పడినచోటల్లా, ఊళ్లో కొలతలు తీసే అమ్మాయి మాబున్ని, సన్నటి గొట్టం దింపి నీళ్ల లోతు చూడాలి. సగటు వంద అడుగుల లోపుంటేనే ఊరికి రెండో పంట. పదకొండు చుక్కలకు సగటు నూటరెండు వచ్చింది. పన్నెండోది సరిగ్గా ఓబులక్క పొయ్యి కింద పడింది.

“అంట్లు తోమే కాడికి జరుపు మే. ఆడెప్పుడూ తడే,” అంది ఓబులక్క.

మాబున్ని ఇంట్లోనూ రెండో పంటకు దాచిన విత్తనం కాయలు మూటలోనే ఉన్నాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

“మనం జరిపితే అది మన ఆశ లెక్క అయితాదక్కా, నీళ్ల లెక్క కాదు.”

ఓబులక్క సణుగుతూనే పొయ్యి ఎత్తి పక్కన పెట్టింది. గొట్టం దిగింది. డెబ్బై అడుగులకే నీళ్లు తగిలాయి.

“సగటు వంద లోపుకొచ్చిందక్కా! రెండో పంట ఏసుకోవచ్చు!”

మాబున్ని నవ్వుతూ గుంత పూడ్చబోతే ఓబులక్క చెయ్యి పట్టుకుంది.

“పూడ్చొద్దు మే. పొయ్యి పక్కనే పెట్టుకుంటాలే.”

“మళ్లా చుక్క ఈడే పడాలని లేదక్కా.”

“పడకపోతే పోనీ. ఆ కంప్యూటరుకు ఏడాదికోసారి సాలేమో, నీళ్లెంత లోతున్నాయో నేను దినామూ చూసుకుంటా.”