చక్రం తిప్పిన బావమరిది

"ఈ నీటిమర ఇప్పుడు నా కళ్లముందు తిరిగితే పాత కట్టడంగా కాపాడతాం. తిరగకపోతే రేపే కూల్చి రోడ్డేస్తాం," అని తేల్చేసింది ఇంజనీరమ్మ.

మర ఆసామి ఒకసారి పక్కనున్న భార్యకేసి, ఒకసారి నేలకేసి చూశాడు. మర పోతే దాని నెత్తినున్న ఇల్లూ పోతుంది. ఇక మర్యాదంటారా, అది మరకన్నా ముందే పోతుంది. పోనీ తిప్పుదామంటే ఏరు ఎండింది. నీటిని బతిమాలి తూములోకి మళ్లించే ఒడుపుతో, ఏటికి ఏటవాలుగా పేర్చిన రాతికట్ట ఇప్పుడు పళ్లికిలించుకుని పడుంది. తూము దాకా చుక్క ఎక్కదు.

అందుకే పొద్దున్నే బావమరిదిని నేల కిందికి, చక్రముండే రాతిగదిలోకి దించాడు. తను పైనుంచి నేలని మడమతో రెండుసార్లు తన్నగానే వాడు కింద చక్రాన్ని చేతుల్తో తిప్పాలి. బావమరిది అన్న మాటలోనే మర ఉంది. బావ మర ఆగితే వాడు కాక ఇంకెవడు తిప్పుతాడు?

"కట్ట దగ్గర నీళ్లే లేవు కదా, ఎలా తిరుగుతుందండీ?" తిరగలిరాళ్లకి టేపు పట్టి కొలుస్తూ అడిగింది ఇంజనీరమ్మ.

ఏట్లో లేని నీళ్లు ఆసామి నోట్లో నమిలాడు. "కట్ట అడుగున... దొంగకాలువ ఉందండీ. మా తాతలనాటి పనితనం."

ఆనకట్టకి తగ్గ కట్టుకథ!

"అయితే తిప్పండి, చూద్దాం."

ఆసామి మడమ ఎత్తాడు. అదింకా నేలకి తగలనే లేదు, కింద చక్రం మూలిగింది. నేలని చీల్చుకుని వచ్చిన నిలువు ఇరుసు వణికింది. పైరాయి కదిలింది.

'వెధవకి అన్నిట్లోనూ తొందరే!' అనుకుంటూ ఆసామి గబగబా తొట్టిలో గోధుమలు పోశాడు. గింజ లేకుండా రాళ్లు ఒరుసుకుంటే నిప్పులు రాలతాయి మరి.

మర ఊపందుకుంది. గోడలు అదిరాయి. దూలాల మీద ఏళ్లతరబడి పేరుకున్న పిండి ముగ్గురి నెత్తినా రాలింది.

"చూశారా మా తమ్ముణ్ని!" ఆసామి చెవిలో గుసగుసలాడింది అతని భార్య. "పనికిరాడు, పనికిరాడు అని తెగ దెప్పారు."

"నాలుగు మెట్లెక్కితే నాలుగుసార్లు కూలబడేవాడు. ఇంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందే?"

"మా పుట్టింటి తిండి!"

ఇంజనీరమ్మ గోడకి చెవి ఆనించింది. "వింతగా ఉందే! నీళ్ల చప్పుడు అసలు లేదు. చక్రం మాత్రం ఒక్కసారీ లయ తప్పట్లేదు."

"లోతు కాలువండీ. గుట్టుగా పారుతుంది."

అలవాటు కొద్దీ ఆసామి, కింద రాలుతున్న పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. రాళ్ల మధ్య నలిగొచ్చిన పిండి వెచ్చగా ఉండాలి. ఇది ఏటి అడుగు బురదలా జిల్లుమంది. వేళ్లు చొక్కాకి తుడుచుకున్నాడు. పిండి వదిలింది గానీ చలి వదల్లేదు.

"సరే, ఒప్పుకుంటున్నాను," ఇంజనీరమ్మ టేపు చుట్టేసింది. "ఇక దీని జోలికి ఎవరూ రారు. హాయిగా ఉండండి."

ఆమె జీపు మలుపు తిరిగేదాకా మొగుడూ పెళ్లాలు ఊపిరి బిగబట్టారు. తర్వాత ఆసామి నేలలోని చెక్కతలుపు ఎత్తి, చీకట్లోకి వంగి పకపకా నవ్వాడు.

"శభాష్‌రా బావమరిదీ! చక్రం తిప్పాలంటే నీ తర్వాతే ఎవడైనా. ఇంక చాల్లే, ఆపు!"

చక్రం ఆగలేదు. ఇంకాస్త జోరందుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆవిడ వెళ్లిపోయిందిరా! ఇంకా ఎందుకురా తిప్పుతావు?" భార్య కూడా వంగి అరిచింది.

కిందినుంచి ఏడుపు గొంతు వినిపించింది.

"నేనెక్కడ తిప్పానే అక్కా! మొదట్నుంచీ ఆపుదామనే దీన్ని పట్టుకుని వేలాడుతున్నాను!"